పాత బండి: కరెంటు ఎక్కడ పోతోంది, హ్యాండిల్ ఎందుకు వణుకుతోంది

నమస్తే అండీ, అందరూ బాగున్నారా? ఈ వీకెండ్ మన మకాం గ్యారేజీలోనే. సెంటర్ స్టాండ్ మీద ఉన్న ఈ బండి ఎనభైల్లో తయారైన నాలుగు సిలిండర్ల జపాన్ బండి. ఇంజిన్ గట్టిది, సౌండ్ ఇప్పటికీ ముచ్చటగా ఉంటుంది. అయితే కొన్నాళ్లుగా రెండు ఇబ్బందులు పెడుతోంది. బ్యాటరీ నిలవట్లేదు, పైగా వెళ్తూ వెళ్తూ ఇంజిన్ ఒక్క క్షణం ఆగి మళ్లీ అందుకుంటోంది. ఇక రెండోది, స్పీడు తగ్గేటప్పుడు హ్యాండిల్ వణుకుతోంది. నెమ్మదిగా పోతుంటే తిన్నగా పోకుండా అటొకసారి ఇటొకసారి లాగుతోంది.

సొంతవాళ్లకి దూరంగా ఉండే మనలాంటివాళ్లకి పాత బండి అంటే పని నేర్చుకోక తప్పదు. ఇంత వయసున్న బండిని ముట్టుకోవడానికి చాలా వర్క్‌షాపులు ఇష్టపడవు. ఒప్పుకున్నా, లోపం వెతికే గంటలకి కూడా మనమే కట్టాలి. అందుకే ఇవాళ వెతకడం గురించే ఎక్కువ చెప్తాను. బిగించడం ఎవరైనా చేస్తారండీ, వెతకడంలోనే ఉంది పనంతా. నేను గట్టిగా నమ్మేది ఒక్కటే: మల్టీమీటరు పెట్టి చూడకుండా ఒక్క పార్టు కూడా కొనకండి. బ్యాటరీ మార్చి, తగ్గలేదని రెగ్యులేటర్ (చార్జింగ్ వోల్టేజ్‌ని అదుపులో ఉంచేది) మార్చి, అదీ కాదని స్టేటర్ (ఇంజిన్‌లో కరెంటు పుట్టించే కాయిల్) మార్చి చివరికి ఒక కనెక్టర్ దగ్గర తేలిన బండ్లు ఎన్నో ఉంటాయి.

ముందు బ్యాటరీ. ఫుల్ చార్జ్ పెట్టి, రాత్రంతా వదిలేసి, పొద్దున మీటరు పెట్టండి. మంచి లెడ్ యాసిడ్ బ్యాటరీ 12.6 నుంచి 12.8 వోల్టులు చూపించాలి. 12.0 దగ్గర ఉందంటే దాదాపు ఖాళీ అయినట్టే. సెల్ఫ్ నొక్కినప్పుడు వోల్టేజ్ పడుతుంది, అది మామూలే. 9.5 కిందకి జారితే మాత్రం బ్యాటరీనే అనుమానించాలి. ఈ బండిలో బ్యాటరీ బాగానే ఉంది. అంటే కొత్త బ్యాటరీ వేసినా ఇదే కథ.

ఇప్పుడు ఇంజిన్ స్టార్ట్ చేద్దాం. గ్యారేజీ తలుపు పూర్తిగా తెరిచి ఉంచండి, సైలెన్సర్ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకి వాసన ఉండదు. 5,000 ఆర్‌పీఎం దగ్గర బ్యాటరీ టెర్మినళ్ల మీద 13.5 నుంచి 14.5 వరకు రావాలి. 15 దాటితే రెగ్యులేటర్ పోయినట్టు, బ్యాటరీని ఉడకబెడుతోందన్నమాట. ఇక్కడ చూడండి, ఎంత రేజ్ చేసినా 13.0 దగ్గరే ఆగిపోయింది. చార్జింగ్ వస్తోంది కానీ చాలట్లేదు. ఒక జాగ్రత్త: చార్జ్ అవుతోందో లేదో చూడాలని ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకే అలవాటు కొందరికి ఉంది. దయచేసి అలా చేయకండి. ఆ క్షణంలో వోల్టేజ్ ఒక్కసారిగా పైకి లేచి, బాగున్న రెగ్యులేటర్‌ని, ఇగ్నిషన్ యూనిట్‌ని కూడా కాల్చేస్తుంది.

స్టేటర్ నుంచి వచ్చే మూడు పసుపు వైర్లు ఇవి. ఇంజిన్ ఆపి కనెక్టర్ ఊడదీసి, మీటరుని ఏసీలో పెట్టి, మళ్లీ స్టార్ట్ చేసి రెండేసి వైర్ల మధ్య చూడాలి. మూడు జతలకీ ఇంచుమించు ఒకే రీడింగ్ రావాలి. ఎంత రావాలన్నది మీ బండి సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది. చాలా బండ్లలో 5,000 ఆర్‌పీఎం దగ్గర 50 వోల్టుల పైనే వస్తుంది కాబట్టి చెయ్యి తగలకుండా చూసుకోండి. ఆ తర్వాత ఇంజిన్ ఆపేసి, పసుపు వైర్లలో ఏదైనా ఇంజిన్ బాడీకి కలుస్తోందేమో కంటిన్యుటీ చూడాలి. కలిసిందంటే స్టేటర్ వైండింగ్ షార్ట్ అయినట్టే. మన బండిలో మూడూ సమానంగా ఉన్నాయి, బాడీకి ఏదీ కలవట్లేదు. స్టేటర్‌కి ఏ జబ్బూ లేదు.

మరి కరెంటు ఎక్కడ పోతోంది? కెమెరా కాస్త దగ్గరకి తెస్తాను. ఈ కనెక్టర్ ప్లాస్టిక్ చూడండి, ఒకప్పుడు తెల్లగా ఉండేది. రెండు పిన్నుల దగ్గర బాగానే ఉంది, మూడో పిన్ను చుట్టూ మాత్రం బెల్లం రంగుకి తిరిగి, అంచు కరిగి కిందకి జారింది. పిన్ను లూజైతే అక్కడ రెసిస్టెన్స్ పెరుగుతుంది, వేడి పుడుతుంది, వేడికి పిన్ను ఇంకా లూజవుతుంది. అలా ఏళ్ల తరబడి జరుగుతూ వచ్చింది. వైరుని కూడా వంచి చూశాను, పిన్ను దగ్గర రెండు అంగుళాల మేర తీగలాగా బిరుసెక్కింది. ఆ భాగం కత్తిరించేసి, మంచి రాగి మెరుపు కనిపించేవరకు వెనక్కి వెళ్లి, కొత్త టెర్మినళ్లు క్రింప్ చేశాను.

దాని తర్వాత ఎర్త్, అంటే ఫ్రేమ్ మీదుగా కరెంటు బ్యాటరీ నెగటివ్‌కి తిరిగొచ్చే దారి. పాత బండ్లలో సగం ఎలక్ట్రికల్ జబ్బులు ఎర్త్ దగ్గరే ఉంటాయని నా నమ్మకం. దీనికి వోల్టేజ్ డ్రాప్ టెస్ట్ చేయాలి. ఇంజిన్ రేజ్‌లో ఉండగా మీటరు ఒక కొనని రెగ్యులేటర్ బాడీ మీద, రెండో కొనని బ్యాటరీ నెగటివ్ మీద పెట్టండి. రెండూ ఒకే ఎర్త్ కాబట్టి సున్నాకి దగ్గరగా రావాలి. 0.2 దాటిందంటే మధ్యలో ఎక్కడో అడ్డం ఉంది. మనకి అంతకంటే బాగా ఎక్కువే వచ్చింది. ఫ్రేమ్ మీద ఎర్త్ బోల్టు విప్పితే కింద పెయింట్, దాని కింద తుప్పు. గరుకు కాగితంతో లోహం బయటపడేదాకా రుద్ది, బిగించి, పైన వాజలీన్ రాశాను. ఇప్పుడు మీటరు చూడండి, 14.2! ఆ టెర్మినళ్లు తప్ప కొత్త పార్టు ఒక్కటీ పడలేదు.

ఇంజిన్ ఆగి అందుకునే సంగతి ఇంకా మిగిలి ఉంది. అసలు విషయం ఇక్కడే ఉంది, కొంచెం ఓపిగ్గా వినండి. బండి న్యూట్రల్‌లో ఐడిలింగ్‌లో ఉంది. హ్యాండిల్‌ని కుడికి పూర్తిగా తిప్పుతాను. ఏమీ లేదు. ఎడమకి తిప్పుతాను, వినండి... ఆగిపోయింది. ఇలా తిప్పినప్పుడు ఆర్‌పీఎం పెరిగితే అది యాక్సిలరేటర్ కేబుల్ బిగుసుకోవడం. ఆగిపోతే వైరు. ఇంజిన్‌కి కరెంటు ఇచ్చే వైరు ఇగ్నిషన్ స్విచ్‌కీ, ఇంజిన్ ఆపే కిల్ స్విచ్‌కీ వెళ్లి రావాలి, ఆ రెండూ హ్యాండిల్ వైపే ఉంటాయి. అంటే ఫ్రేమ్ మెడ దగ్గర, హ్యాండిల్ తిరిగిన ప్రతిసారీ ఆ హార్నెస్, అంటే వైర్ల కట్ట, వంగుతుంది. నలభై ఏళ్ల వంపులు!

ట్యాంకు దించి, మెడ దగ్గర టేపు విప్పాను. పైకి అన్ని వైర్లూ నిక్షేపంగా ఉన్నాయి. ఒక్కొక్కటి రెండు వేళ్ల మధ్య పట్టుకుని మెల్లగా లాగి చూస్తే, ఈ నలుపు తెలుపు వైరు మాత్రం రబ్బరులా సాగింది. లోపల రాగి ఉన్న వైరు అలా సాగదు. తొడుగు చీల్చి చూపిస్తాను. పోగులన్నీ పచ్చగా చిలుము పట్టి విరిగిపోయాయి, సన్నవి రెండో మూడో మిగిలాయి. ఎడమకి తిప్పితే అవీ దూరం జరుగుతున్నాయి. ఇంతసేపూ స్పార్క్ పుట్టించే కాయిల్స్‌కి వెళ్లే కరెంటంతా ఈ పోగుల మీదుగానే పోయింది. రిపేరుకి ముందు కీ ఆన్‌లో ఉన్నప్పుడు బ్యాటరీ దగ్గర, కాయిల్ దగ్గర వోల్టేజ్ చూస్తే రెండింటికీ ఒకటిన్నర వోల్టు తేడా వచ్చింది. అంత తేడా ఉంటే స్పార్క్ బలహీనపడుతుంది. కొత్త వైరు ముక్క కలిపేటప్పుడు అతుకు సరిగ్గా వంపులో పడకుండా, రెండు వైపులా కాస్త దూరంగా పెట్టాను. లేదంటే మళ్లీ అక్కడే విరుగుతుంది.

ట్యాంకు ఎలాగూ దిగింది, చెయ్యి మెడ దగ్గరే ఉంది కాబట్టి ఇక హ్యాండ్లింగ్‌కి వద్దాం. ఇక్కడ కూడా ఖర్చు లేనివి ముందు. టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి చూశాను, సరిగానే ఉంది. టైరు పక్కన డాట్ (DOT) అక్షరాల తర్వాత చివర నాలుగు అంకెలు ఉంటాయి: మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 2314 అని ఉంటే 2014లో 23వ వారం. గుండీలు బాగున్నాయి కదా అని పాత టైరుని నమ్మకండి, రబ్బరు గట్టిపడితే పట్టు పోతుంది. అదీ ఇక్కడ బాగానే ఉంది.

ముందు చక్రం నేలకి తగలకుండా ఇంజిన్ కింద జాకీ పెట్టాను. ఫోర్కుల కింది కొసలు పట్టుకుని ముందుకీ వెనక్కీ లాగితే టక్ టక్ అని సన్నటి ఆట (లూజు) తెలుస్తోంది. ఇప్పుడు హ్యాండిల్‌ని ఒక్క వేలితో మెల్లగా తిప్పుతాను. సరిగ్గా మధ్యకి రాగానే, గుంటలో పడ్డ గోలీలా అక్కడే కూర్చుంటోంది. బండి ఎక్కువ భాగం తిన్నగానే పోతుంది కదా, హ్యాండిల్ తిరిగే బేరింగ్‌లోని బాల్స్ అన్నీ ఏళ్ల తరబడి ఒకే చోట కొట్టుకుని రేసుల్లో, అంటే అవి దొర్లే రింగుల్లో, గుంటలు చేశాయి. బండి బ్యాలెన్స్ అయ్యేది హ్యాండిల్ తనంతట తను చేసుకునే చిన్న చిన్న దిద్దుబాట్ల వల్ల. ఆ గుంట వాటిని పట్టేస్తోంది, అందుకే నెమ్మదిగా పోతుంటే అటూ ఇటూ లాగుతోంది. ఆట వల్ల స్పీడు తగ్గేటప్పుడు వణుకు. చాలామంది ఈ బేరింగ్ నట్టు బిగించి వదిలేస్తారు. ఆట పోతుంది కానీ గుంట పోదు, బిగువు ఎక్కువైతే లాగడం ఇంకా పెరుగుతుంది.

కాబట్టి ఇక్కడ మాత్రం డబ్బు పెట్టాల్సిందే. బాల్ రేసర్ (పాత బాల్ బేరింగ్) తీసేసి, బాల్స్‌కి బదులు రోలర్లు ఉండే టేపర్ రోలర్ బేరింగులు వేశాను. బయటి రేసులని ముందురోజు ఫ్రీజర్‌లో పెడితే కొంచెం కుంచించుకుని ఫ్రేమ్‌లోకి సులువుగా దిగుతాయి. బిగువు ఎంత ఉండాలంటే, ఫోర్కుల దగ్గర ఆట అసలు ఉండకూడదు, హ్యాండిల్‌ని మధ్య నుంచి కాస్త తోస్తే తన బరువుతో చివరిదాకా పడాలి. కేబుళ్లు అడ్డం పడకుండా చూసుకుని ఈ పరీక్ష చేయండి.

వెనక కూడా వదలకూడదు. వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్‌ని పక్కలకి ఊపి చూశాను, బుష్‌లు గట్టిగానే ఉన్నాయి. చక్రం పైనా కిందా పట్టుకుని ఊపితే బేరింగ్‌లోనూ ఆట లేదు. చైన్ అడ్జస్టర్ల మీద ఉండే గీతలని నేను నమ్మను, దారం కట్టి రెండు చక్రాలూ ఒకే వరసలో ఉన్నాయని చూసుకున్నాను.

ఒక్క మాట. హ్యాండిల్ మాత్రమే వేగంగా వణికితే అది వాబుల్. పెద్ద స్పీడులో బండి మొత్తం పాములా నెమ్మదిగా ఊగితే అది వీవ్. దానికి వెనక షాకులు, స్వింగ్ ఆర్మ్, లగేజి బరువు, టైర్లు చూడాలి. రెండింటిలో ఏది వచ్చినా హ్యాండిల్‌ని బిగపట్టి దానితో పోట్లాడకండి, బ్రేకు గట్టిగా కొట్టకండి. చేతులు తేలిగ్గా ఉంచి, కాస్త ముందుకి వంగి, యాక్సిలరేటర్ మెల్లగా తగ్గించండి. వణుకుతుందో లేదో చూడాలని చేతులు వదిలేసి నడపడం అసలు వద్దు.

ఇవాళ రోడ్డు మీదకి తీసుకెళ్లాను. 60 నుంచి 40కి దిగేటప్పుడు వణుకు లేదు, మలుపుల్లో ఇంజిన్ ఆగలేదు. రోలర్ బేరింగులు కొత్తలో కాస్త దిగబడతాయి, అందుకని కొన్ని వందల కిలోమీటర్ల తర్వాత మళ్లీ జాకీ పెట్టి ఆ నట్టు చూడాలి. ఫోర్క్ ఆయిల్ ఇంకా మార్చలేదు, కావాలనే. రెండూ కలిపి మార్చేస్తే ఏది పని చేసిందో తెలియదు కదా. వచ్చే వీడియోలో అదే. ఉంటానండీ.