పగ్గాల్లేని బండి: మంచులో హస్కీలు దారి ఎలా కనుక్కుంటాయి?

[తెరపై: తెల్లని మైదానం. పన్నెండు హస్కీ కుక్కలు జంటలు జంటలుగా స్లెడ్‌ని, అంటే మంచు మీద జారే బండిని, లాగుతున్నాయి.]

పిల్లలూ, వీడియో ఒక్క నిమిషం ఆపి, బండి వెనక నిలబడ్డాయన చేతుల్లో ఏముందో చూడండి. బండి చట్రం పట్టుకున్నాడు, అంతే. ఎడ్లబండి తోలే తాతకైనా చేతిలో పగ్గాలుంటాయి, ఈయనకి అవీ లేవు. ఈయన్ని మషర్ అంటారు. ఈయన దగ్గరున్నదల్లా గొంతు! "జీ" అని అరిస్తే కుక్కలు కుడికి తిరుగుతాయి, "హా" అంటే ఎడమకి, "హైక్" అంటే ఇక పరుగే. ఆగమనడానికి "వో" అనే మాట కూడా ఉంది గానీ, పరుగు మీదున్న హస్కీకి అది చాలాసార్లు వినపడదు, అంటే వినపడనట్టు నటిస్తుందన్నమాట. అందుకే కాలితో తొక్కే బ్రేకు, బండి ఆగాక మంచులో దిగ్గొట్టే ఇనుప కొక్కెం కూడా పెట్టుకుంటారు.

[తెరపై: బయల్దేరే ముందు గోల. కుక్కలు గెంతుతూ ఊళ పెడుతుంటాయి.]

ఈ గోల విని కుక్కల్ని ఎవరో ఏడిపిస్తున్నారనుకోకండి. "ఇంకా వదలరేంటి" అని వాటి తొందర. బండి కదిలిందా, అన్నీ ఒక్కసారిగా గప్‌చుప్. ఇక పాదాల చప్పుడు, మంచు మీద బండి జారే చప్పుడు, అంతే.

అన్నిటికన్నా ముందుండే కుక్క లీడర్. బండికి ఆనుకుని ఉండేవి బాగా బలమైనవి, ఎందుకంటే మలుపుల్లో బరువంతా వాటి మీదే పడుతుంది. లీడర్‌కి మాత్రం బలం కన్నా బుర్ర ముఖ్యం. గడ్డకట్టిన నది మీద వెళ్తున్నప్పుడు ముందు మంచు పలచగా ఉందని దానికి అనిపిస్తే, మషర్ ఎంత అరిచినా అది కదలదు. మామూలుగా చెప్పిన మాట వినకపోతే తిట్లు పడతాయి కదా, ఇక్కడ మాట వినకపోవడమే దాని గొప్ప!

మరి ఆ చలికి అవి గడ్డకట్టుకుపోవా? హస్కీకి రెండు పొరల బొచ్చు. లోపల మెత్తగా ఒత్తుగా ఒకటి, పైన మంచు దులుపుకోడానికి పొడుగ్గా ఇంకొకటి. పడుకునేటప్పుడు చుట్టచుట్టుకుని, కుచ్చులాంటి తోకతో ముక్కు కప్పేసుకుంటుంది. పాదాల సంగతి ఇంకా చిత్రం. కిందికి దిగే వెచ్చని రక్తం, పైకొచ్చే చల్లని రక్తం పక్కపక్క నాళాల్లో ప్రవహిస్తాయి, దాంతో వెచ్చని రక్తం తన వేడిని చల్లని రక్తానికి ఇచ్చేస్తుంది, ఒంట్లో వేడి పాదాల గుండా బయటికి పోదు. అయినా పదునైన మంచుగడ్డలు కోసుకోకుండా వాటికి గుడ్డ బూట్లు తొడుగుతారు. దాహం వేస్తే? పరుగు ఆపకుండానే తల వంచి నోటి నిండా మంచు లాక్కుంటాయి. తిండి మాత్రం మామూలుగా ఉండదు: పెద్ద పందేల్లో ఒక్కో కుక్క రోజుకి 10,000 కేలరీల దాకా తినేస్తుంది, అంటే పెద్ద మనిషి తినేదానికి నాలుగైదు రెట్లు, అదంతా చేపలు, మాంసం, కొవ్వు.

[తెరపై: అలాస్కా మ్యాపు. నెనానా నుంచి నోమ్ దాకా ఎర్ర గీత.]

ఇప్పుడు అసలు కథ. 1925 జనవరి, అమెరికాకి చెందిన అలాస్కాలో సముద్రం ఒడ్డునున్న నోమ్ అనే ఊళ్లో పిల్లలకి డిఫ్తీరియా సోకింది. గొంతులో పొర కట్టి ఊపిరాడకుండా చేసే రోగం. (మీకు చిన్నప్పుడు వేసిన టీకాల్లో దీని టీకా కూడా ఉంది, అందుకే మీరు దీని పేరు పెద్దగా విని ఉండరు.) మందు చాలా దూరంలో ఉంది. సముద్రం గడ్డకట్టింది కాబట్టి ఓడ రాదు, ఊరికి రోడ్డు లేదు, ఆనాటి విమానాలు ఆ చలిలో ఎగరలేవు. రైల్లో నెనానా దాకా తెచ్చి, అక్కణ్ణుంచి దాదాపు 1,085 కిలోమీటర్లు కుక్కల బళ్ల మీద, ఒకరి చేతినుంచి ఇంకొకరి చేతికి అందిస్తూ పంపారు. 20 మంది మషర్లు, సుమారు 150 కుక్కలు! మామూలుగా టపాకి మూడు వారాలకు పైగా పట్టే దారి, ఐదున్నర రోజుల్లో పూర్తి చేశారు.

అన్నిటికన్నా పొడవైన, ప్రమాదకరమైన దారి లెన్హార్డ్ సెప్పాలాది. ఆయన లీడర్ టోగోకి అప్పటికి పన్నెండేళ్లు, కుక్కల లెక్కలో ముసలి. సెప్పాలా దగ్గరి దారని గడ్డకట్టిన నార్టన్ సౌండ్ మీంచి, అంటే నేరుగా సముద్రం మీంచి వెళ్లాడు. వాళ్లు దాటిన కొన్ని గంటలకే ఆ మంచు పగిలిపోయింది.

చివరి దారిలో గున్నార్ కాసెన్. మంచు తుఫానులో ఆయనకి తన కుక్కలే కనపడలేదు. ఒక చోట గాలికి బండి బోర్లా పడి మందు మంచులో పడిపోతే, వట్టి చేతులతో తడిమి వెతికాడు. దారి మాత్రం లీడర్ బాల్టో వెతుక్కుంది. ఫిబ్రవరి 2 తెల్లవారుజామున నోమ్ చేరారు.

పేరంతా బాల్టోకే వచ్చింది. అదే ఏడు న్యూయార్క్ సెంట్రల్ పార్కులో దానికి విగ్రహం కూడా పెట్టారు. అది సెప్పాలాకి అస్సలు నచ్చలేదు, నన్నడిగితే ఆయన కోపంలో న్యాయముంది.

ఒక్క మాట, ఇది అమ్మానాన్నలకి కూడా. ఇది చూసి "హైదరాబాద్‌లో మా ఫ్లాట్‌లోకి ఓ హస్కీని కొనండి" అని మారాం చేయకండి. మైనస్ 20 డిగ్రీల్లో హాయిగా పరిగెత్తే జంతువుకి మన మే నెల ఎండ ఎలా ఉంటుందో ఊహించుకోండి.

సరే, మీ ఓటు ఎవరికి, టోగోకా, బాల్టోకా? కింద రాయండి, ఎందుకో కూడా రాయాలి!