అలమారలో గ్లాసులు మోగుతున్నాయి

నేను: నమస్కారం. ఈ వారం పెందుర్తిలో మా బాబాయ్ ఇంటి వరండాలో కూర్చున్నాం. పట్టాలు ఇక్కణ్ణుంచే కనిపిస్తున్నాయి. మధ్యలో బండొస్తే ఆగుదాం. బాబాయ్ రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. రాత్రి నిద్దరెలా పడుతుంది బాబాయ్?

బాబాయ్: ప్యాసింజర్ బండెళ్తే తెలీదురా. కిరండూల్ గనుల నుంచి వైజాగ్ పోర్టుకి ఇనప ఖనిజం దింపుకొచ్చే గూడ్సుంది చూడు, దానికి అలమారలో స్టీలు గ్లాసులు మోగుతాయి.

నేను: నివాస ప్రాంతంలో రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు దాకా 45 డెసిబెల్స్ దాటకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు. కాలనీవాళ్లు అడ్డంగా గోడ కట్టమంటున్నారు.

బాబాయ్: కట్టమను. చప్పుడు గాల్లో వస్తుంది, సందుల్లేని గోడైతే తగ్గుద్ది. కానీ మేడమీద నుంచి చూస్తే చక్రం కనపడిందనుకో, ఆళ్లకి గోడున్నా లేనట్టే. గ్లాసులు మోగేది మాత్రం నేల్లోంచి. అది గోడ కిందనుంచి దూరి వచ్చేస్తుంది.

నేను: మరి దానికేటి మందు?

బాబాయ్: పుట్టిన చోటే పట్టుకోవాలి. బ్రేకేసినప్పుడు చక్రం తిరక్కుండా జారితే ఒక పక్క అరిగి చదునైపోద్ది. ఫ్లాట్ టైర్ అంటాం మేము. తిరిగినప్పుడల్లా పట్టా మీద సుత్తి దెబ్బే! పట్టాకీ, దాని కింద అడ్డంగా ఉండే దిమ్మ, అదే స్లీపరుకీ మధ్య రబ్బరు ప్యాడు నలిగి గట్టిపడితే ఆ దెబ్బ నేరుగా కిందకి దిగుద్ది. కంకర్లో మట్టి చేరి బిగిసిపోయినా అంతే. మా రోజుల్లో 13 మీటర్లకో అతుకు, అక్కడొక గుద్దు. ఇప్పుడు వెల్డింగు చేసేశారు గాబట్టి అది పోయింది.

నేను: యూరప్‌లో పోత ఇనుము బ్రేకు దిమ్మలు చక్రాన్ని గరుకు చేసి చప్పుడు పెంచుతున్నాయని స్విట్జర్లాండ్, జర్మనీ 2020లో అలాంటి గూడ్సు వ్యాగన్లని ఆపేశాయి. అక్కడా గొడవంతా చక్రంతోనే.

బాబాయ్: మరేటనుకున్నావ్! మనకీ చక్రం ఎంత గట్టిగా కొడుతుందో కొలిచే యంత్రాలున్నాయి, వైల్డ్ అంటారు. ఎక్కువ కొట్టే వ్యాగన్ని పక్కకి తీయాలి. అందుకే చెప్తున్నా, ఉత్తినే 'గోల భరించలేం' అని అర్జీ రాస్తే ఎవడికీ పని తెలీదు. తారీఖు, టైము, ఎటెళ్లే బండి, టక్‌టక్‌మని కొట్టిందా లేదా రాయాలి.

నేను: ఆగు బాబాయ్, వస్తోంది.

(బండి చప్పుడు. గ్లాసులు.)

బాబాయ్: ఇన్నావా? ఇంజన్లెళ్లాక, నడిమి వ్యాగన్లలో. టక్, టక్, టక్.

నేను: ఆ, విన్నాను.

బాబాయ్: టైమెంతైంది? ఆ కేలెండరు వెనకాల రాయి.