పలాస జీడిపప్పు లెక్కతో ఊప్స్ మొదలుపెడదాం

నమస్కారం అందరికీ. మన శ్రీకాకుళం, విజయనగరం వైపు ఇంజినీరింగ్ పిల్లల్ని ఊప్స్, అంటే ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్, ఏంటని అడగండి, నిద్రలో లేపినా చెప్తారు: ఎన్‌క్యాప్సులేషన్, అబ్‌స్ట్రాక్షన్, ఇన్‌హెరిటెన్స్, పాలిమార్ఫిజం. సరే, ఒక క్లాస్ రాయమంటే మాత్రం కుక్క మొరుగుతుంది, పిల్లి మ్యావ్ అంటుంది. వాళ్లని అని లాభం లేదు, నోట్సులో ఉన్నది అదే మరి. ఆ కుక్కతో మనకి పనేంటి చెప్పండి? అందుకే ఈ రోజు పలాస జీడిపప్పు వ్యాపారికి పనికొచ్చే చిన్న సరుకు లెక్క, పైథాన్‌లో రాద్దాం.

జీడిపప్పుకి గ్రేడ్లు ఉంటాయి. 320 రకం అంటే పౌండుకి, అంటే సుమారు 454 గ్రాములకి, 300 నుంచి 320 పప్పులు తూగుతాయి. 240 అంటే 220 నుంచి 240. అంకె తగ్గేకొద్దీ పప్పు పెద్దది, రేటూ ఎక్కువే.

క్లాసులు రాకముందు మనం దీన్ని ఎలా రాస్తాం? మూడు లిస్టులు పెడతాం. గ్రేడ్లకి ఒకటి, కిలోలకి ఒకటి, రేట్లకి ఒకటి. మూడింట్లోనూ మొదటిది 240ది, రెండోది 320ది. బాగానే నడుస్తుంది. ఒకరోజు షావుకారు వచ్చి, "తక్కువ రేటు ముందు కనబడేలా పెట్టు బాబూ" అంటాడు. మనం రేట్ల లిస్టుని సార్ట్ చేస్తాం. అంతే, 320 రేటు వెళ్లి 240 పక్కన కూర్చుంటుంది. ఎర్రర్ రాదు. పెద్ద పప్పుకి చిన్న పప్పు రేటుతో బిల్లు పడిపోతుంది, సాయంత్రం గల్లాపెట్టె లెక్క చూసేదాకా ఎవరికీ తెలీదు. కలిసి ఉండాల్సిన మూడు సంగతులు మూడు చోట్ల ఉండబట్టే ఈ గొడవ.

ఇప్పుడు స్క్రీన్ చూడండి. క్లాస్ అంటే కలిసి ఉండాల్సిన సంగతుల్ని, వాటితో చేసే పనుల్ని ఒకచోట పెట్టే అచ్చు. ఆ అచ్చుతో చేసిన ఒక్కోటీ ఒక ఆబ్జెక్టు. మన క్లాస్ పేరు 'సరుకు'. పైథాన్ 3లో ఇలా తెలుగు లిపిలో పేర్లు పెట్టుకోవచ్చు, నిజంగానే నడుస్తుంది. ఉద్యోగంలో మాత్రం పెట్టకండి, పక్క సీటువాడికి తెలుగు రాకపోతే మిమ్మల్నే తిడతాడు. లోపల ఇనిట్ అనే ఫంక్షన్ ఉంది, ముందూ వెనకా రెండేసి అండర్‌స్కోర్లతో. అది గ్రేడ్, కిలోలు, రేటు తీసుకుని ఆబ్జెక్టులో పెడుతుంది. క్లాస్ ఒక్కటే రాశాం, ఆబ్జెక్టులు రెండు చేశాం, 240కి ఒకటి, 320కి ఒకటి. ఇక ఎలా సార్ట్ చేసినా రేటు తన గ్రేడ్‌ని వదిలిపోదు.

'అమ్ము' అని ఒక మెథడ్, అంటే క్లాస్ లోపలి ఫంక్షన్, కూడా ఉంది. అడిగినన్ని కిలోలు లేకపోతే అది ఒప్పుకోదు, ఉంటే తగ్గిస్తుంది. ఎన్‌క్యాప్సులేషన్ అని బట్టీ పట్టేది దీన్నే. స్టాకు మీద చెయ్యి వేయాలంటే ఈ మెథడ్ ద్వారానే వెళ్లాలి. జావాలో ప్రైవేట్ అని రాస్తే బయటివాళ్లని కంపైలరే ఆపుతుంది. పైథాన్ ఆపదు, పేరు ముందు ఒక అండర్‌స్కోర్ పెట్టి 'దీని జోలికి రాకండి' అని చెప్పుకోవడమే.

మెథడ్ రాసేటప్పుడు బ్రాకెట్లో మొదట రాసే సెల్ఫ్ అంటే చాలామందికి టెన్షన్. మెథడ్‌ని ఏ ఆబ్జెక్టు మీద పిలిచామో ఆ ఆబ్జెక్టే సెల్ఫ్, పైథాన్ దాన్ని తనే మొదటి ఆర్గ్యుమెంట్‌గా, అంటే మెథడ్‌కి అందించే మొదటి విలువగా, పంపిస్తుంది. 'అమ్ము'లో సెల్ఫ్ రాయడం మర్చిపోయి ఐదు కిలోలు అమ్మమనండి. ఒక్కటే తీసుకుంటుంది, మీరు రెండు ఇచ్చారు అని ఎర్రర్ వస్తుంది. నేనిచ్చింది ఒక్కటే కదా అని జుట్టు పీక్కుంటారు. ఆ రెండోది సెల్ఫే.

దీనికంటే చెడ్డది ఇంకొకటుంది. అమ్మకాలు రాసుకోవడానికి ఖాళీ లిస్టుని ఇనిట్ లోపల కాకుండా, క్లాస్ పేరు కిందే పెట్టారనుకోండి. 320 అమ్మి ఆ లిస్టులో చేర్చండి, ఇప్పుడు 240 అమ్మకాలు ప్రింట్ చేయండి. చూశారా, ఐదు కిలోలు దీన్లోనూ కనబడుతున్నాయి! అక్కడ పెట్టిన లిస్టు క్లాసుది, ఆబ్జెక్టులన్నీ ఆ ఒక్కదాన్నే వాడతాయి. సెల్ఫ్ డాట్ అమ్మకాలు అని ఇనిట్‌లో రాస్తే ప్రతి ఆబ్జెక్టుకీ కొత్త లిస్టు వస్తుంది.

అన్నట్టు, ఈ క్లాసుల ఆలోచన వచ్చింది నార్వేలో. ఓస్లోలో నైగార్డ్, డాల్ అనే ఇద్దరు 1960లలో సిమ్యులేషన్ల కోసం సిములా భాష చేశారు, కంప్యూటర్ రంగంలో పెద్దదైన ట్యూరింగ్ అవార్డు 2001కి వాళ్లకే వచ్చింది. 1979లో స్ట్రౌస్ట్రప్ మొదలుపెట్టి, తర్వాత సీ ప్లస్ ప్లస్ అయిన భాషకి క్లాసులు అక్కడివే.

ఇన్‌హెరిటెన్స్, అంటే ఒక క్లాస్ నుంచి ఇంకో క్లాస్ తీయడం, ఈ రోజు వద్దు. మీరు 'వాపసు' అనే మెథడ్ రాయండి. అమ్మినదానికంటే ఎక్కువ వెనక్కి తీసుకోకూడదు, దానికి అమ్మకాల లిస్టు కావాలి. అది నడిచాక, ఎక్స్‌పైరీ తేదీ ఉండే ఉప్పుకారం ప్యాకెట్ల కోసం 'సరుకు' నుంచి ఇంకో క్లాస్ తీద్దాం, వచ్చే వీడియోలో.