లింకన్ సెంటు అసలుదేనా?

శ్రోతలకు నమస్కారం. అమెరికా చుట్టాలు పిల్లల చేతిలో పెట్టిపోయిన చిల్లర చాలా ఇళ్లలో ఏదో సొరుగులో పడి ఉంటుంది. అందులోంచి లింకన్ బొమ్మ ఉన్న సెంట్లు, అంటే డాలరులో వందో వంతు విలువున్న నాణేలు, ఏరండి. పాత అమెరికా నాణేల సేకరణకు వెండి డాలర్ల కంటే ఇవే నయం. 1909 నుంచి 2025 దాకా చెలామణి కోసం కొట్టారు, చాలావాటి ధర తక్కువ.

పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం, గ్రాములో వందో వంతు చూపే చిన్న కాటా, ఒక అయస్కాంతం దగ్గర పెట్టుకోండి. సంవత్సరం కింద ‘డి’ ఉంటే డెన్వర్ టంకశాల, ‘ఎస్’ ఉంటే శాన్‌ఫ్రాన్సిస్కో. పాతవాటిలో ఏ అక్షరమూ లేకపోతే సాధారణంగా ఫిలడెల్ఫియా.

ఎక్కువమంది మోసపోయేది 1943 సెంటు దగ్గర. యుద్ధానికి రాగి కావలసివచ్చి ఆ ఏడు ఉక్కు మీద జింకు పూత వేసి కొట్టారు. బరువు 2.7 గ్రాములు, అయస్కాంతానికి అంటుకుంటుంది. పొరపాటున రాగి బిళ్లల మీద పడినవి కొన్నే. వాటిలో లక్ష డాలర్లు దాటి అమ్ముడైనవి ఉన్నాయి. అందుకే ఉక్కు సెంటుకు రాగి పూత పూసి అమ్ముతారు. అయస్కాంతం పెడితే ఆ గుట్టు బయటపడుతుంది. 1948లోని 8ని గీకి 3 చేస్తే మాత్రం అయస్కాంతమూ పట్టదు, 3.11 గ్రాముల తూకమూ సరిపోతుంది. అప్పుడు భూతద్దమే గతి: అసలు 1943లో 3 తోక పక్క అంకెల కంటే బాగా కిందికి దిగుతుంది.

అరుదైన 1914 డెన్వర్ సెంటుకు నకిలీని 1944 డెన్వర్ దాంతో తయారుచేస్తారు. మొదటి 4ని చెక్కి 1 చేస్తే, 9కీ 1కీ మధ్య ఎడం ఎక్కువైపోతుంది. లింకన్ భుజం అంచున, బొమ్మ చెక్కిన విక్టర్ డేవిడ్ బ్రెన్నర్ పేరుకు గుర్తుగా ‘వి.డి.బి.’ అన్న పొడి అక్షరాలు వచ్చింది 1918లో. 1914 సెంటు మీద అవి కనబడితే అది నకిలీయే, ఇక బేరమాడనక్కర్లేదు.

రాగి చెంబులా చింతపండు పెట్టి మాత్రం తోమకండి. సహజమైన గోధుమరంగు పొర పోతే మళ్లీ రాదు, ధర పడిపోతుంది. జిడ్డు ఉంటే స్వచ్ఛమైన అసిటోన్‌లో కాసేపు ఉంచి, రుద్దకుండా ఆరనివ్వండి. కిటికీలు తెరవాలి, దగ్గర్లో మంట ఉండకూడదు. గోళ్ల రంగు తుడిచే ద్రావకం పనికిరాదు, అందులో వేరే పదార్థాలు కలుస్తాయి.

పీవీసీ కవర్లలో పెడితే కొన్నేళ్లకు ఆకుపచ్చ జిగురు పడుతుంది. మైలార్ అనే పల్చటి పారదర్శక ప్లాస్టిక్ కిటికీ ఉన్న అట్టలు వాడండి. విశాఖ, కాకినాడలాంటి సముద్రపు గాలి ఊళ్లలో డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు కూడా వెయ్యాలి.