జంతువు లేకుండా రసాయనాన్ని ఎలా పరీక్షిస్తారు?

[దృశ్యం: ప్రయోగశాల బల్లపై గుంటలున్న ప్లాస్టిక్ పలక. ఒక్కో గుంటలో చిటికెనవేలి గోరంత తెల్లని పొర.]

వ్యాఖ్యానం: ఈ తెల్లని పొర మనిషి చర్మమే, కానీ ఏ మనిషి ఒంటి మీదా ఎన్నడూ లేనిది. దాతల అనుమతితో సేకరించిన చర్మ కణాలను పోషక ద్రవంలో పెంచి, ఆపైన అడుగుభాగం ద్రవానికి, పైభాగం గాలికి తగిలేలా ఉంచితే, అవి కొద్ది వారాల్లో ఒకదానిపై ఒకటి పొరలుగా పేరుకుని, మన చర్మానికి ఉన్నట్టే పైన గట్టి మృతకణాల పొరను కూడా తయారుచేసుకుంటాయి. ఒక రసాయనం చర్మాన్ని మండిస్తుందా లేదా అన్న ప్రశ్నకు ఒకప్పుడు కుందేలు వీపు మీద వెతికిన జవాబును ఇప్పుడు ఈ పొర మీద వెతుకుతున్నారు.

[దృశ్యం: పాత నలుపు తెలుపు ప్రయోగశాల చిత్రం. తెరపై "1944".]

వ్యాఖ్యానం: అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థలో పనిచేసిన జాన్ డ్రేజ్ తన సహచరులతో కలిసి 1944లో ప్రచురించిన పద్ధతి దశాబ్దాల పాటు ప్రామాణికంగా చలామణీ అయింది. పదార్థాన్ని కుందేలు కంట్లో వేయడమో, వెంట్రుకలు తీసిన చర్మంపై ఉంచడమో చేసి, ఎరుపు ఎంత, వాపు ఎంత అని కంటితో చూసి మార్కులు వేయడం దాని సారం. ఆ పద్ధతి ఊరకే పుట్టలేదు. 1930లలో కనురెప్పలకు వేసుకునే ఒక రంగు వల్ల స్త్రీలు చూపు పోగొట్టుకున్న సంఘటనలు అప్పటికి ఇంకా జనం మరిచిపోనివి. అయితే 1971లో ఒకే పదార్థాలను అనేక ప్రయోగశాలలకు ఇచ్చి ఈ పరీక్ష చేయించినప్పుడు, ఒకచోట తీవ్రమైనదిగా తేలిన పదార్థం మరోచోట దాదాపు నిరపాయకరంగా కనిపించింది. మార్కులు వేసే కన్ను మారితే ఫలితమూ మారుతోందన్నమాట. పైగా కుందేలు చర్మం మనిషి చర్మం కంటే పలచన, దానిలోంచి పదార్థాలు తేలికగా లోపలికి ఇంకుతాయి. కాబట్టి జంతువుల బాధను కాసేపు పక్కన పెట్టి, కేవలం కొలమానంగా చూసినా ఆ పరీక్షకు లోటుపాట్లు ఉన్నాయని ఒప్పుకోవాలి.

[దృశ్యం: చర్మపు పొరపై ఒక చుక్క ద్రవం. గడియారం ముల్లు తిరుగుతుంది. గుంటలోని పసుపు ద్రవం ఊదారంగుకు మారుతుంది.]

వ్యాఖ్యానం: ఇప్పటి పద్ధతిలో పొరపై రసాయనాన్ని వేసి, పొర రకాన్ని బట్టి 15 నుంచి 60 నిమిషాలు ఉంచి, కడిగేసి, సుమారు 42 గంటల పాటు కణాలను వాటి మానాన వదిలేస్తారు. తరువాత ఎమ్‌టీటీ అనే పసుపు పదార్థాన్ని కలుపుతారు. బతికున్న కణాలు దానిని ఊదారంగులోకి మారుస్తాయి, చచ్చిన కణాలు మార్చలేవు. ఆ రంగు గాఢతను యంత్రంతో కొలిచి, రసాయనం తగలని పొరతో పోలిస్తే ఎంత శాతం కణాలు బతికాయో తెలుస్తుంది. అది 50 శాతమో అంతకంటే తక్కువో అయితే ఆ పదార్థాన్ని చర్మానికి హానికరమైనదిగా లెక్కిస్తారు. పరీక్షించే రసాయనమే ఊదారంగుదైతే ఏం చేస్తారన్న సందేహం మీకు వచ్చి ఉంటే అది న్యాయమైన సందేహమే. అలాంటి వాటికి విడిగా పోలిక పరీక్షలు పెట్టి, ఆ రంగు ప్రభావాన్ని తీసివేసి లెక్క కడతారు. ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ, అంటే ఓఈసీడీ, 2010లో ఈ పద్ధతిని 439వ పరీక్షా మార్గదర్శకంగా ఆమోదించింది. ఓఈసీడీ ఆమోదానికి ఇంత ప్రాధాన్యం ఎందుకంటే, దాని నియమాల ప్రకారం ఒక దేశంలో చేసిన పరీక్ష ఫలితాన్ని ఆ ఒప్పందంలోని మిగతా దేశాలూ అంగీకరించాలి, అంటే అదే పరీక్షను మళ్లీ మళ్లీ చేయించాల్సిన పని ఉండదు.

[దృశ్యం: నాలుగు గొలుసుకట్టు బొమ్మలు ఒకదాని తరువాత ఒకటి వెలుగుతాయి.]

వ్యాఖ్యానం: చర్మం మండటం ఒక ఎత్తు, చర్మానికి అలర్జీ రావడం మరొక ఎత్తు. అలర్జీలో రోగనిరోధక వ్యవస్థకు కూడా పాత్ర ఉంది కాబట్టి, ఒక్క చర్మపు పొరతో దానిని పట్టుకోలేం. అందుకే పూర్వం గినీ పందులనూ, తరువాత ఎలుకలనూ ఉపయోగించారు. ఈ రంగంలో నాకు అన్నిటికంటే ముచ్చటగా అనిపించే పరిష్కారం ఇక్కడే దొరికింది. జంతువులో చివరికి ఏం కనిపిస్తుందని చూడటం మానేసి, అలర్జీ ఏయే మెట్లు ఎక్కి వస్తుందో శాస్త్రవేత్తలు విడదీసి చూశారు. మొదటి మెట్టులో రసాయనం చర్మంలోని ప్రోటీన్లకు అతుక్కుంటుంది. రెండో మెట్టులో చర్మ కణాలు ప్రమాదాన్ని పసిగడతాయి. మూడో మెట్టులో డెండ్రైటిక్ కణాలు అనే కాపలా కణాలు మేల్కొంటాయి. నాలుగో మెట్టులో అవి లింఫ్ గ్రంథులకు చేరి, అక్కడ టి-కణాలు అనే రోగనిరోధక కణాలు వృద్ధి చెందేలా చేస్తాయి. ఈ గొలుసును ఓఈసీడీ 2012లో అధికారికంగా ప్రచురించింది.

ఆ తరువాత మొదటి మూడు మెట్లలో ఒక్కోదానికి ఒక్కో పరీక్ష వచ్చింది. మొదటి మెట్టుకు అసలు కణాలే అక్కర్లేదు. చిన్న ప్రోటీన్ ముక్కలను రసాయనంతో కలిపి 24 గంటలు ఉంచి, వాటిలో ఎంత భాగం ఖర్చయిపోయిందో కొలిస్తే చాలు. రెండో మెట్టు కోసం చర్మ కణాల్లోకి మిణుగురు పురుగును వెలిగించే జన్యువును చేర్చారు, కాబట్టి కణం ప్రమాదాన్ని పసిగట్టగానే కాంతి వస్తుంది. మూడో మెట్టు కోసం మనిషి తెల్ల రక్తకణాల జాతికి చెందిన కణాలను తీసుకుని, వాటి ఉపరితలంపై రెండు ప్రత్యేక ప్రోటీన్లు పెరిగాయా లేదా అని చూస్తారు. వీటిలో ఏ పరీక్షా ఒంటరిగా నమ్మదగినది కాదు. అందుకే 2021లో వచ్చిన 497వ మార్గదర్శకం మూడింటిలో రెండు ఏకాభిప్రాయానికి వస్తే దానినే తీర్పుగా తీసుకునే విధానాన్ని ఆమోదించింది. మనుషులకు సంబంధించిన సమాచారంతో పోల్చినప్పుడు ఈ విధానం ఎలుకల పరీక్షకు ఏమాత్రం తీసిపోలేదు. శరీరంలోకి వెళ్లి మార్పు చెందితే తప్ప అలర్జీ కలిగించని రసాయనాలు మాత్రం వీటి వల నుంచి ఒక్కోసారి జారిపోతాయి.

[దృశ్యం: కంప్యూటర్ తెరపై ఒకే పోలికున్న రెండు అణువుల నిర్మాణాలు.]

వ్యాఖ్యానం: కొన్నిసార్లు ఏ పరీక్షా చేయనక్కర్లేదు. కొత్త రసాయనం అణు నిర్మాణం ఇదివరకే క్షుణ్ణంగా పరిశీలించిన మరో రసాయనాన్ని పోలి ఉంటే, దాని గురించిన సమాచారాన్ని దీనికి వర్తింపజేయవచ్చు. పోలిక ఎంతవరకు సరిపోతుందన్నది ప్రతిసారీ వాదించి నిరూపించుకోవలసిందే. ఒక్క పరమాణువు తేడాతో విషంగా మారే పదార్థాలు లేకపోలేదు.

[దృశ్యం: సీసాలో గులాబీరంగు పోషక ద్రవం.]

వ్యాఖ్యానం: ఇక్కడ ఒక చేదు నిజం కూడా చెప్పుకోవాలి. జంతురహితం అనుకునే పరీక్షలు చాలావాటిలో కణాలను పెంచే ద్రవంలో దూడ పిండాల రక్తం నుంచి తీసిన సీరం కలుస్తుంది. జన్యువులను దెబ్బతీసే రసాయనాలను పట్టుకునేందుకు బ్రూస్ ఏమ్స్ 1970లలో రూపొందించిన బ్యాక్టీరియా పరీక్షలో కూడా, కాలేయం చేసే మార్పులను అనుకరించడానికి సాధారణంగా ఎలుక కాలేయపు సారాన్ని వాడతారు. సీరం లేని పోషక ద్రవాల వైపు ప్రయోగశాలలు నెమ్మదిగా మళ్లుతున్నాయి.

[దృశ్యం: మానవ శరీరపు రేఖాచిత్రం. ఒక చుక్క చర్మం గుండా రక్తంలోకి, కాలేయంలోకి ప్రయాణిస్తుంది.]

వ్యాఖ్యానం: ఇక అన్నిటికంటే గట్టి చిక్కుముడి. చర్మం, కన్ను వంటి వాటికి రసాయనం నేరుగా తగులుతుంది కాబట్టి అక్కడ పని సులువైంది. నెలల తరబడి కొద్దికొద్దిగా ఒంట్లోకి చేరే పదార్థం మూత్రపిండాన్ని దెబ్బతీస్తుందా, గర్భంలోని పిండం ఎదుగుదలను ఆటంకపరుస్తుందా అన్న ప్రశ్నలకు జవాబు ఒక్క పళ్లెంలో దొరకదు, ఎందుకంటే అక్కడ హార్మోన్లు, రక్తప్రసరణ, కాలేయం అన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటూ ఉంటాయి. అందుకే ఐరోపా సమాఖ్య 2013 నుంచి జంతువులపై పరీక్షించిన కొత్త సౌందర్య సాధనాల అమ్మకాన్ని పూర్తిగా నిషేధించినా, పారిశ్రామిక రసాయనాలకు సంబంధించిన దాని చట్టం మాత్రం జంతు పరీక్షలను చివరి మార్గంగా ఇంకా అనుమతిస్తోంది.

ఈ చిక్కుముడి దగ్గర పరిశోధకులు ఇప్పుడు ప్రశ్ననే తిప్పి వేస్తున్నారు. రసాయనం ఏ అవయవానికి ఏ వ్యాధి తెస్తుందో ముందే చెప్పడానికి బదులు, రకరకాల మానవ కణాల్లో ఏ చిన్న మార్పైనా మొదలయ్యే అతి తక్కువ గాఢత ఎంతో కొలుస్తారు. రోజువారీ వాడకం వల్ల ఒక మనిషి రక్తంలోకి అది ఎంత చేరుతుందో గణిత నమూనాలతో విడిగా అంచనా వేస్తారు. ఈ రెండు అంకెల మధ్య దూరం వేల రెట్లు ఉంటే, ఆ వాడకానికి జంతు పరీక్ష అవసరం లేదని వాదించవచ్చు. దూరం తక్కువగా ఉంటే ఆ రసాయనానికి మరింత లోతైన పరిశీలన కావాలి. ఎన్ని రెట్ల దూరం ఉంటే సరిపోతుందన్న విషయం మీదే నియంత్రణ సంస్థలకూ పరిశోధకులకూ ఇప్పుడు చర్చ నడుస్తోంది.