పచ్చి టూనా, ఉడికిన ఆక్టోపస్: జపాన్‌లోనూ స్పెయిన్‌లోనూ తిన్నాక నా మాట

హాయ్ అండీ! ముందే చెప్పేస్తున్నా, నేను పెరిగింది కాకినాడలో. మా ఇంట్లో చేప అంటే చింతపండు పులుసులో ఉడికి, మర్నాడు ఇంకా రుచొచ్చే వంజరం ముక్క. అలాంటి నా ముందు, టోక్యోలో చేపలకి పేరున్న సుకిజీ బజారులో పొద్దున్నే పచ్చి టూనా ప్లేటు పెట్టేసరికి ఏం చేశానో తెలుసా, ఎవరూ చూడకుండా వాసన చూశాను. నీచు వాసన లేదు. అసలు ఏ వాసనా లేదు.

అన్నట్టు, సుకిజీలో ఉండే టోకు చేపల మార్కెట్టు 2018లోనే టోక్యోలోనే తొయోసు అనే చోటికి మారిపోయింది. టూనా వేలం చూడాలంటే అక్కడికే వెళ్లాలి. సుకిజీలో మిగిలింది బయటి వీధులు, తిండి దుకాణాలు. తినడానికైతే అవి చాలు.

ఇక ప్లేటు సంగతి. ఎర్రగా ఉన్నది అకామి, వెన్ను వైపు మాంసం. లేత గులాబీ రంగులో కొవ్వు చారలతో ఉన్నది ఓతోరో, పొట్ట భాగం. ఓతోరో నెయ్యిలా కరిగిపోతుంది, అందరూ దాన్నే పొగుడుతారు కానీ నాకు మూడో ముక్కకే మొహం మొత్తింది. నా ఓటు అకామికే, పైగా ధర కూడా తక్కువ. వసాబిని, అంటే పక్కన పెట్టే ఆ ఘాటైన పచ్చ ముద్దని, సోయా సాస్‌లో చట్నీలా కలిపేయకండి, ముక్క మీద కొంచెం పెట్టుకోండి. ఆవకాయ కలిపేటప్పుడు ఆవపిండి ఘాటు ముక్కుకెక్కుతుంది చూడండి, అచ్చం అదే. రెండూ ఒకే కుటుంబం మొక్కలు మరి. పర్యాటకులు తిరిగే సందులో ఒక షాపులో తిన్న ఉని మాత్రం, అంటే సముద్రపు ముళ్లకాయ లోపలిది, చేదుగా ఉంది. డబ్బులు దండగ.

ఇప్పుడు స్పెయిన్. దక్షిణాన కాదిజ్ తీరంలో బార్బాతే అనే ఊరుంది. వసంతంలో బ్లూఫిన్ టూనాలు గుడ్లు పెట్టడానికి అట్లాంటిక్ నుంచి మధ్యధరాకి వెళ్తుంటే, దారిలో అల్మద్రాబా అనే వలల చిట్టడవి కట్టి పడతారు. ఆ టూనాని జపాన్ వాళ్లు ఏళ్ల తరబడి కొనుక్కుపోతున్నారు! చేపని కోయడాన్ని అక్కడ రొంకేయో అంటారు. కత్తి వెన్నెముక మీద గీసుకుంటూ పోతుంటే గురక పెట్టినట్టు చప్పుడొస్తుంది, ఆ గురక నుంచే పేరు. అదే టూనాని ఉప్పులో వేసి ఆరబెడితే మొహామా. పల్చగా కోసి, ఆలివ్ నూనె పోసి, బాదం పప్పుతో ఇస్తారు. మన ఉప్పుచేప కోటు వేసుకొచ్చినట్టుంది, నాకు తెగ నచ్చేసింది.

ఉడికించినవాటిలో ఫస్ట్ ర్యాంకు స్పెయిన్ వాయవ్య మూల గలీసియా ప్రాంతపు ఆక్టోపస్‌కి. మరిగే నీళ్లలో మూడుసార్లు ముంచి తీసి, అప్పుడు ఉడకబెడతారు. ఆ ముంచడాన్ని వాళ్ల భాషలో ‘భయపెట్టడం’ అంటారు. తర్వాత కత్తెరతో ముక్కలు చేసి, చెక్క పళ్లెంలో వేసి, కళ్లుప్పు, మిరపపొడి, ఆలివ్ నూనె. మసాలా ఇంకేం లేదు. రబ్బరులా సాగుతుందేమో అనుకున్నా, లేదు, టూత్‌పిక్ మెత్తగా దిగిపోయింది.

స్పెయిన్‌లో పచ్చివి తినరా అంటే, వెనిగర్‌లో ఊరిన చిన్న చేపలుంటాయి, బొకెరోనెస్. తెల్లగా ఉడికినట్టు కనిపిస్తాయి కానీ పొయ్యి ఎక్కనేలేదు. చేపల్లో ఉండే అనిసాకిస్ అనే పురుగు వెనిగర్‌కి చావదు, అందుకే హోటళ్లలో వాటిని ముందు గడ్డకట్టించాలని 2006లో రూలు పెట్టారు, మైనస్ 20 డిగ్రీల్లో కనీసం 24 గంటలు. కాబట్టి ఈ వీడియో చూసి మన చేపల మార్కెట్లో తెచ్చినదాన్ని ఇంట్లో పచ్చిగా కోసుకోకండి బాబూ, ఇంట్లో ఫ్రిజ్ పైగది అంత చల్లగా ఉండకపోవచ్చు.

చివరగా గంబాస్ అల్ అహీయో. మట్టి మూకుడులో వెల్లుల్లి, ఎండుమిర్చి, రొయ్యలు, ఇంకా కుతకుతలాడుతూనే టేబుల్ మీదకొస్తుంది. రొయ్యలు రెండు నిమిషాల్లో అయిపోయాయి, అసలు సరుకు అడుగున మిగిలిన నూనెలో ఉంది. దాన్ని అద్దుకోవడానికి రెండో బ్రెడ్ అడిగితే బిల్లు వేరే వేశారు. వెయ్యనీ, మూడోది కూడా చెప్పాను.