టిష్యూ పేపర్‌కి కావాల్సింది జిగురు కాదు, గంజి!

ఒరిగామిలో, అంటే కాగితం మడిచి బొమ్మలు చేసే కళలో, రెండు టిష్యూ పేపర్లు కలిపి చేసిన కాగితాన్ని డబుల్ టిష్యూ అంటారు. మధ్యలో జిగురు రాసి అంటిస్తే అది అయిపోతుందని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. అలా చేస్తే వచ్చేది అట్టముక్క. రెండో మడతకే పెళుసుగా విరుగుతుంది.

మనకి కావాల్సింది గంజి. కాటన్ చొక్కాకి గంజి పెట్టి ఇస్త్రీ చేస్తే ఆ మడత కత్తిలా నిలబడుతుంది కదా? ఇదీ అంతే. గిఫ్టుల్లో చుట్టే టిష్యూ చదరపు మీటరుకి 17 గ్రాములు ఉంటుందేమో. ఆరు కాళ్లు, రెండు కొమ్ములున్న పురుగుని మడవాలంటే అంత పల్చన కావాలి, లేకపోతే కాళ్ల దగ్గర పొరలన్నీ పేరుకుని దిమ్మలా తయారవుతుంది. కానీ ఒంటి టిష్యూ ఉతికిన చొక్కా లాంటిది, మడత పెట్టి వదిలితే విచ్చుకుంటుంది. రెండు పొరలు కలిపినా 35 గ్రాములు దాటదు, అంటే ప్రింటర్ కాగితంలో సగం. పైగా ఇటో రంగు, అటో రంగు!

ఇక్కడ మన గంజి పేరు మిథైల్ సెల్యులోజ్. పొడిగా దొరుకుతుంది. తమాషా ఏమిటంటే మామూలు గంజికి వేడి కావాలి, దీనికి చల్లదనం కావాలి. వేడినీళ్లలో ఇది అసలు కరగదు. అయినా ముందు కాసిని వేడినీళ్లలోనే కలపాలి. ఎందుకంటే నేరుగా చన్నీళ్లలో పోస్తే పైపైన తడిసి, లోపల పొడి అలాగే ఉండిపోయి ఉండలు కడుతుంది. వేడిలో పొడి విడివిడిగా చెదిరాక చన్నీళ్లు పోసి కలుపుతూ ఉండండి, చల్లారేకొద్దీ చిక్కబడుతుంది. మొత్తం కప్పు నీళ్లకి ఒక టీస్పూన్ పొడితో మొదలుపెట్టండి. చెంచా ఎత్తితే తీగలా జారాలి.

ఇప్పుడు శుభ్రమైన గాజు పలక మీద మొదటి టిష్యూ పరిచి, మెత్తటి వెడల్పాటి బ్రష్‌తో మధ్య నుంచి అంచులకి రాయండి. ద్రవం కాగితంలోంచి దిగి గాజుని పట్టుకుంటుంది. బ్రష్‌ని వెనక్కి లాగారో, తడి టిష్యూ పాల మీద మీగడలా ముడుచుకుపోతుంది. నేను మొదటిసారి మూడు కాగితాలు ఇలాగే చింపేశాను, నాలుగోది కోపంతో చింపాను.

రెండో టిష్యూని చేతులతో పట్టుకుని వేయకండి. గొట్టానికి చుట్టి, ఒక అంచు ఆనించి మెల్లగా విప్పుతూ పోండి. గాలి బుడగలుంటే తెల్లటి మచ్చల్లా కనిపిస్తాయి, బ్రష్‌తో బయటికి తోసేయండి. దాని మీద ఇంకో పూత.

అయ్యో, టైమ్ అయిపోతోంది, మిగతాది గబగబా చెప్పేస్తా. రాత్రంతా ఆరనివ్వండి, హెయిర్ డ్రయ్యర్ జోలికి వెళ్లొద్దు. అంచు కింద బ్లేడు దూర్చి లేపితే ఫెళఫెళమంటూ ఊడొస్తుంది. గాజు వైపు నున్నగా ఉంటుంది, అది బయటికి రావాలా లోపలికి పోవాలా అన్నది మీ ఇష్టం. చదరంగా కోయడం ఆరాకే, ఎందుకంటే తడికి కాగితం సాగుతుంది. బొమ్మ పూర్తయ్యాక కాళ్లకి వేలితో కాస్త తడి అద్ది వంచి పట్టుకోండి, గంజి మెత్తబడి మళ్లీ ఆరి అక్కడే బిగుసుకుంటుంది. జపాన్ ఒరిగామి కళాకారుడు యోషిజావా కాగితాన్ని తడిపి మడిచే పద్ధతిలో ఉన్న కిటుకు కూడా ఇదే.

మిగిలిన ద్రవాన్ని పారబోయకండి, మూత పెట్టి ఉంచండి. ఇది అన్నం గంజిలా తెల్లారేసరికి పులిసిపోయే రకం కాదు.